రోగి కోసం అడగండి, మీ పేరున ఇవ్వండి

ఎన్నికలు దగ్గర పడితే ఊళ్లో పేరున్న డాక్టరు దగ్గరికి చందా కోసం మనుషులు రావడం మామూలే. పొద్దున ఒక పార్టీవాళ్లు, సాయంత్రం ఇంకో పార్టీవాళ్లు. ఎముకల డాక్టరైనా, పిల్లల డాక్టరైనా, మానసిక వైద్యుడైనా తేడా లేదు. చాలామంది చేసే పని ఒకటే. గొడవెందుకని ఇద్దరికీ ఎంతో కొంత చేతిలో పెట్టి పంపేస్తారు. ఆ డబ్బు ఏమైందో తెలియదు. దానివల్ల తన వృత్తికి గానీ, తన రోగులకు గానీ ఏం ఒరిగిందో అడగాలని తోచదు. ఈ అధ్యాయం ఆ అలవాటు మార్చుకోవడం గురించి. మానసిక వైద్యంలోకి కొత్తగా అడుగుపెట్టినవాళ్లు, కర్నూలు, కడప జిల్లాల్లో ప్రాక్టీసు పెట్టబోతున్నవాళ్లు, ఇక్కడ చదివి అమెరికాలో స్థిరపడినవాళ్లు దీన్ని ఓపికగా చదవాలని నా కోరిక. రాజకీయాల జోలికి పోవద్దని మన పెద్దలు చెబుతూ వచ్చారు. ఆ మాటతో నేను ఏకీభవించను. మన రోగి బతుకును తేల్చే నిర్ణయాలన్నీ అక్కడే జరుగుతున్నాయి.

కోసిగినే తీసుకోండి. గుంతకల్లు నుంచి రాయచూరు వెళ్లే రైలు మార్గంలో, ఆదోనికీ మంత్రాలయం రోడ్డుకూ నడుమ ఉన్న మండల కేంద్రం ఇది. జిల్లా కేంద్రమైన కర్నూలుకు ఎమ్మిగనూరు మీదుగా పోతే దాదాపు వంద కిలోమీటర్లు. రాష్ట్రంలో అక్షరాస్యత బాగా తక్కువగా ఉన్న మండలాల్లో ఒకటి. తుంగభద్ర అంత దగ్గర్లో పారుతున్నా చాలా పొలాలకు వానే దిక్కు. వాన మొహం చాటేసిన ఏడు దీపావళి దాటితే చాలు, వీధులకు వీధులు ఖాళీ అవుతాయి. మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు, పత్తి తీయడానికి తెలంగాణకు, కట్టడం పనులకు బెంగళూరుకు ఇంటిల్లిపాదీ తరలిపోతారు. ఇక్కడ దీన్ని సుగ్గికి పోవడం అంటారు. ముసలివాళ్లను ఇంటికి కాపలా పెట్టి, బడికి పోయే పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని పోతారు.

ఆ సుగ్గిలో మానసిక రోగి సంగతేమిటి? మందులతో కుదుటపడి, నలుగురితో పాటు పనికి పోగలుగుతున్న కొడుకును వెంటబెట్టుకుని తల్లి ఓపీకి వస్తుంది. "సుగ్గికి పోతాండాం సారూ, మూన్నెల్లకు సరిపోయేటట్ల మాత్తర్లు ఇప్పియ్యండి" అంటుంది. డాక్టరు మూడు నెలలకు రాసినా మందుల కిటికీ దగ్గర చాలాసార్లు పదిహేను రోజులకో, నెలకో సరిపడా ఇచ్చి పంపుతారు. మాత్రలు అయిపోయేసరికి వాళ్లు గుంటూరు జిల్లాలో ఏదో మిరప తోట గట్టున గుడిసె వేసుకుని ఉంటారు. అక్కడి ఆసుపత్రికి పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది. పోయినా చేతిలో చీటీ ఉండదు. చీటీ ఉన్నా చదివి చెప్పేవాళ్లుండరు. నెల తిరిగేసరికి కుర్రాడికి నిద్ర పట్టదు, తనలో తాను మాట్లాడుకోవడం మొదలవుతుంది. తోటివాళ్లు గాలి సోకిందంటారు. మేస్త్రీ పనిలోకి రావద్దంటాడు. ఉగాదికి ఊరు చేరేసరికి, ఏడాదిపాటు కష్టపడి నిలబెట్టిన మనిషి మళ్లీ మొదటికి వచ్చి ఉంటాడు.

లిథియం వాడేవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. మూడ్ అటూ ఇటూ ఊగిపోయే బైపోలార్ జబ్బుకు అది మంచి మందు, చవకైన మందు. అయితే నెత్తురులో దాని మోతాదు ఒక హద్దు దాటితే విషం. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే ఆ మోతాదు పెరుగుతుంది. మార్చి నెల ఎండలో చెమటలు కక్కుకుంటూ, తాగే నీళ్లు కూడా కొలుచుకుని తాగాల్సిన మిరప చేలో పొద్దస్తమానం వంగి పనిచేసే మనిషికి చేతులు వణకడం, వాంతులు, మాట తడబడటం మొదలైతే అది వడదెబ్బో, మందు ఎక్కువైందో ఎవరు చెప్పాలి? రక్తపరీక్ష చేయాలి. చేయించే ఏర్పాటు ఉండాలి. మంచి డాక్టరు ఒక్కడు ఉన్నంత మాత్రాన ఆ ఏర్పాటు వచ్చిపడదు. ఎక్కడ తీసుకున్న చీటీ అయినా రాష్ట్రంలో ఏ ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా చెల్లాలంటే ఒక ఉత్తర్వు కావాలి. మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వాలన్నా ఉత్తర్వే కావాలి. ఉత్తర్వు వెనక ఒక మంత్రి సంతకం, ఆ సంతకం వెనక ఎవరో ఒకరు పట్టు వదలకుండా తిరగడం ఉంటాయి. తిరిగేవాళ్లు మనమే కావాలి. తల్లికి కూలి పోతుంది, కొడుక్కి మాట పెగలదు.

చట్టం మన పక్షానే ఉంది. 2017లో వచ్చి 2018 మే 29 నుంచి అమలవుతున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రతి మనిషికీ మానసిక వైద్యం పొందే హక్కు ఇచ్చింది. అత్యవసర మందుల జాబితాలో ఉన్నవన్నీ సామాజిక ఆరోగ్య కేంద్రం స్థాయి నుంచి పైన ఉన్న ప్రభుత్వ ఆసుపత్రులన్నిటిలో ఎల్లవేళలా ఉచితంగా దొరకాలని అందులోనే రాసి ఉంది. శరీరానికి వచ్చే జబ్బుకు ఎలా బీమా ఇస్తారో మనసుకు వచ్చే జబ్బుకూ అలాగే ఇవ్వాలని 21వ సెక్షన్ చెబుతుంది. ఈ రెండు సెక్షన్ల ప్రతులు మీ బ్యాగులో ఎప్పుడూ పెట్టుకోండి. నాయకుడి దగ్గరికి పోయినప్పుడు దయ చూపమని అడగనక్కర్లేదు. చట్టసభ ఇప్పటికే ఒప్పుకున్నదాన్ని అమలు చేయమని అడుగుతున్నారు. అలా అడిగేటప్పుడు గొంతు దానంతటదే నిబ్బరంగా ఉంటుంది.

రాజకీయ, పాలనా యంత్రాంగం చేయి కలిపితే ఏమవుతుందో చూడటానికి కోసిగివాళ్లు దూరం పోనక్కర్లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది, కోసిగి ఆ తాలూకాలోది. ఆ బళ్లారి జిల్లాలోనే 1980ల నడుమ బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు ఒక ప్రయోగం చేశారు. పెద్దాసుపత్రి కట్టలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉన్న మామూలు డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, కొద్ది రకాల మందులు అందుబాటులో ఉంచి, తీవ్రమైన మానసిక జబ్బులకూ మూర్ఛకూ ఊరి దగ్గరే వైద్యం నడిపించారు. దేశమంతటా నడుస్తున్న జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆ బళ్లారి నమూనాయే పునాది. 1996లో ఆ కార్యక్రమం నాలుగు జిల్లాలతో మొదలైనప్పుడు వాటిలో ఒకటి అప్పుడు మన రాష్ట్రంలో ఉన్న మెదక్. బళ్లారి పేరు ప్రపంచ మానసిక వైద్య గ్రంథాల్లోకి ఎక్కింది. ఒకప్పుడు అదే జిల్లాలో ఉన్న కోసిగి రోగి మాత్రం ఇప్పటికీ వంద కిలోమీటర్లు బస్సులో కూర్చోవాలి. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. మీరు కలిసే ప్రతి ప్రజాప్రతినిధికీ ఇది చెప్పండి. వాళ్లకు తెలియదు.

ఇక డబ్బు విషయం. చందాలను బాహాటంగా, ఒక పద్ధతి ప్రకారం వాడుకున్నవాళ్లు అమెరికా సైకియాట్రిస్టులు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్‌కు ఒక పొలిటికల్ యాక్షన్ కమిటీ ఉంది. సభ్యులు సొంత డబ్బు అందులో వేస్తారు. ఒక మనిషి ఏడాదికి 5,000 డాలర్లు మించకూడదు. కమిటీ ఆ డబ్బును రెండు పార్టీల్లోనూ మానసిక వైద్యానికి అండగా నిలిచే అభ్యర్థులకు పంచుతుంది. ఒక్కో అభ్యర్థికి ఒక్కో ఎన్నికకు 5,000 డాలర్లు హద్దు. 200 డాలర్లు దాటి ఇచ్చినవాళ్ల పేరు, వృత్తి, పనిచేసే చోటు ప్రభుత్వ రికార్డులోకి ఎక్కుతాయి, ఎవరైనా చూడొచ్చు. ఆ బాహాటతనం నాకు నచ్చింది. చాటుగా ఇచ్చే డబ్బుకు జవాబుదారీ ఉండదు.

డబ్బుతోనే చట్టాలు వస్తాయనుకుంటే మాత్రం పొరపాటు. శరీర రోగానికీ మానసిక రోగానికీ బీమాలో సమాన న్యాయం చేయాలన్న చట్టం అమెరికాలో 1996లో అరకొరగా వచ్చింది. సరైన రూపంలో రావడానికి 2008 అక్టోబరు 3 దాకా పట్టింది. అదీ ఎలా? బ్యాంకులు కూలిపోతున్న వేళ వాటిని ఆదుకునే బిల్లులో దీన్నీ చేర్చి గట్టెక్కించారు. ఆ చట్టానికి పెట్టిన పేర్లు ఇద్దరు సెనేటర్లవి. పాల్ వెల్‌స్టోన్ డెమొక్రాట్, పీట్ డొమెనిచి రిపబ్లికన్. ఒకరి అన్న మానసిక రోగి, ఇంకొకరి కూతురికి స్కిజోఫ్రేనియా. మిగతా విషయాల్లో ఉప్పూనిప్పూగా ఉండే ఇద్దరూ ఇంట్లో అనుభవించిన బాధ వల్ల ఒక్కటయ్యారు. వెల్‌స్టోన్ 2002లో విమాన ప్రమాదంలో పోయాడు, చట్టం చూడలేదు. చందా మీకు నాయకుడి గది తలుపు తీయించవచ్చు. లోపలికి వెళ్లాక పని జరిగేది ఆ మనిషికి జబ్బు అంటే ఏమిటో తెలిసినప్పుడే. మన నాయకుల ఇళ్లలోనూ ఈ జబ్బులున్నాయి. వైద్యుడిగా మీకు తెలిసినవి మీలోనే దాచుకోవాలి, సందేహం లేదు. జబ్బు గురించి సాధారణంగా వివరించి చెబుతుంటే ఎదుటి మనిషి ముఖంలో వచ్చే మార్పు మాత్రం గమనించండి. మీ మాట చెవికెక్కే చోటు అదే.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఒక హెచ్చరిక. పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు మాత్రమే అక్కడి ఎన్నికలకు చందా ఇవ్వాలి. హెచ్1బీ మీదో జే1 మీదో ఉన్నవాళ్లు ఒక్క డాలరు ఇచ్చినా చట్ట ఉల్లంఘన. మీ తరఫున స్నేహితుడి చేత ఇప్పించడం ఇంకా పెద్ద తప్పు. జే1 మీద వెళ్లిన వైద్యులు డాక్టర్లు దొరకని ప్రాంతాల్లో పనిచేస్తే సొంత దేశానికి తిరిగి పోవాలన్న షరతు నుంచి మినహాయింపు ఇచ్చే కాన్రాడ్ 30 పథకం 1994 నుంచి ఉంది. దాన్ని అమెరికా కాంగ్రెస్ ఎప్పటికప్పుడు పొడిగిస్తూ రావాలి. దాని మీద బతుకు ఆధారపడినవాళ్లకు చందా ఇచ్చే హక్కు లేదు గానీ ఉత్తరం రాసే హక్కు, తమ దగ్గర వైద్యం పొందుతున్న పల్లెటూళ్ల సంగతి చెప్పే హక్కు ఉన్నాయి. వాటిని వాడుకోండి. అలాగే విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇక్కడి పార్టీలకు, అభ్యర్థులకు డబ్బు పంపడం 2010 నాటి విదేశీ విరాళాల చట్టం ప్రకారం నిషేధం. ప్రేమ కొద్దీ సొంత నియోజకవర్గానికి పంపాలనిపిస్తుంది. ఆ ప్రేమను ఆసుపత్రి మీదకు మళ్లించండి, అదీ చట్టం చెప్పిన దారిలోనే.

మన దేశంలో ఇవ్వాలంటే నియమాలు ఇవి. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న డాక్టరు ఏ పార్టీకీ చందా ఇవ్వకూడదు, ప్రవర్తనా నియమాలు ఒప్పుకోవు. బోధనాసుపత్రి ప్రొఫెసరైనా, పీహెచ్‌సీ డాక్టరైనా అంతే. ప్రైవేటు ప్రాక్టీసు చేసేవాళ్లు ఇవ్వొచ్చు. పార్టీలు ఒకరి నుంచి 2,000 రూపాయలకు మించి నగదు తీసుకోకూడదు, అందుకని చెక్కు గానీ ఆన్‌లైన్ చెల్లింపు గానీ వాడండి. 20,000 రూపాయలు దాటిన చందాల వివరాలు పార్టీ ఎన్నికల సంఘానికి ఇవ్వాలి. ఇచ్చినవాళ్ల పేరు బయటికి రాకుండా చేసిన ఎలక్టోరల్ బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టేసింది. మంచి తీర్పు. ఆదాయపన్నులో మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, నగదుగా ఇస్తే అదీ రాదు. పేరు వినని ఏదో పార్టీ పేరుతో రసీదు ఇస్తాం, కమిషన్ పట్టుకుని మిగతా డబ్బు వెనక్కిస్తాం అని ఎవరైనా వస్తే వాకిట్లోనే సాగనంపండి. అలాంటి బోగస్ రసీదుల మీద ఆదాయపన్ను శాఖ దాడులు చేసింది, నోటీసులు పంపింది. పన్ను మిగులుతుందని ఆశపడి వృత్తిలో సంపాదించుకున్న పేరును పణంగా పెట్టకండి.

నియమాలు చెప్పాక నా అభిప్రాయం కూడా దాచుకోకుండా చెబుతాను. కర్నూలులోనో ఆదోనిలోనో ఒక్క సైకియాట్రిస్టు ఒక పార్టీకి రాసే చెక్కు వల్ల కోసిగి రోగికి ఏమీ రాదు. ఎన్నికల్లో పారే డబ్బులో అది కనపడదు కూడా. పదిమంది కలిసి వేసుకున్న డబ్బు, ఆ డబ్బుతో తయారు చేసిన వివరాలు, ఏటా అదే మనుషులు వెళ్లి అడిగే అర్జీ కనపడతాయి. 1947లో పుట్టిన ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీకి రాష్ట్ర శాఖలున్నాయి. సభ్యత్వం తీసుకుని ఊరుకోకండి, సమావేశాల్లో పరిశోధన పత్రాలతో పాటు మందుల సరఫరా మీద కూడా మాట్లాడే సమయం అడగండి. పార్టీకి ఇవ్వాలనుకున్న మొత్తంలో సగం ఒక ఉమ్మడి ఖాతాలో వేయండి. ఏ కేంద్రంలో ఏ మాత్ర ఎన్ని రోజులు లేదో రాసి పెట్టే ఒక కుర్రాడికి జీతం ఇవ్వడానికి అది చాలు. నాయకుడి చేతికి మనం ఇవ్వగలిగిన వాటిలో ఆ కాగితమే అన్నిటికన్నా విలువైనది. శాసనసభలో ప్రశ్న వేయాలంటే ఎమ్మెల్యేకు వివరాలు కావాలి, అవి తెచ్చిచ్చేవాళ్లు దొరకరు.

ఇంకో బలం ఉంది, దాన్ని మనం మరిచిపోతుంటాం. మానసిక రోగికి ఓటుంది. మతిస్థిమితం లేదని కోర్టు ప్రకటిస్తే తప్ప ఓటరు జాబితాలోంచి పేరు తీసేయడానికి వీల్లేదు. మందులు వాడుతున్నాడనో, ఒకప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడనో ఎవరూ తీసేయకూడదు. చాలా కుటుంబాలకు ఇది తెలియదు, వాడికెందుకులే అని ఇంట్లో వదిలేసి పోతారు. ఓపీలో చికిత్స మాటలు అయ్యాక, ఎవరికి వేయాలో ఒక్క మాట కూడా అనకుండా, ఓటు ఉందని చెప్పండి. ఎన్నికల వేళ సుగ్గికి పోయినవాళ్లను ఊరికి రప్పించడానికి పార్టీలు పడే తంటాలు ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. మంత్రాలయం నియోజకవర్గంలో నిలబడే ఎవరికైనా సుగ్గి ఓటు ముద్దే. ఆ ఓటరు నాలుగు నెలలు మందు లేకుండా ఉన్నాడన్న సంగతి ఆ అభ్యర్థికి ఎన్నికలకు ముందే తెలియాలి.

అర్జీ ఒక్క పేజీ దాటకూడదు. కోసిగి విషయంలో నేనైతే మూడే అడుగుతాను. సుగ్గికి పోతున్నామని చెప్పిన రోగికి మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వాలి, చీటీ మీద వేసిన ముద్రతో రాష్ట్రంలో ఎక్కడైనా మళ్లీ మందు దొరకాలి. లిథియం రక్తపరీక్ష ఆదోని ఆసుపత్రిలో జరగాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మానసిక జబ్బును కూడా వైకల్యంగా గుర్తిస్తుంది కనుక, ధ్రువపత్రం ఇచ్చే శిబిరం సుగ్గి మొదలుకాకముందే కోసిగిలో పెట్టాలి. 2024 జులై నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. శిబిరం రోజు మనిషి ఊళ్లో లేడన్న కారణంగా పింఛనే రాకుండా పోతే ఆ ఇంటికి అది ఎంత దెబ్బో లెక్క వేయండి. అడిగితే వస్తాయా అంటే, వచ్చినవి కళ్లముందే ఉన్నాయి. కడపలో 100 పడకల మానసిక చికిత్సాలయం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. ఫోన్ మీద తెలుగులో మాట్లాడి సాయం పొందడానికి 14416 నంబరుతో టెలిమానస్ 2022 అక్టోబరు 10న మొదలైంది. సుగ్గికి పోయే తల్లి ఫోన్లో ఆ నంబరు మీరే సేవ్ చేసి ఇవ్వండి.

ఇప్పుడు హద్దులు. వీటిలో రాజీ లేదు. రోగి దగ్గర గానీ, రోగి బంధువు దగ్గర గానీ రాజకీయ చందా అడగకూడదు, మీరు పనిచేసే సంఘానికి కూడా. మీ ఎదుట కూర్చుని మనసు విప్పి చెప్పుకున్న మనిషి మీకు కాదనలేడు, అందుకే అడగకూడదు. క్లినిక్ గోడ మీద నాయకుడి ఫొటో వద్దు. రేపు ఎదుటి పార్టీ కార్యకర్త అర్ధరాత్రి పురుగుమందు తాగి బతికి బయటపడితే, మర్నాడు మీ గదికి వచ్చేటప్పుడు వాడికి సందేహం కలగకూడదు. ఫలానా రోగి కథను, పేరు మార్చైనా సరే, సభలో చెప్పొద్దు. చిన్న ఊళ్లలో పేరు మార్చినా మనిషి దొరికిపోతాడు.

నాయకుల మనఃస్థితి మీద వ్యాఖ్యలు అసలే వద్దు. 1964లో ఒక అమెరికా పత్రిక అధ్యక్ష అభ్యర్థి బ్యారీ గోల్డ్‌వాటర్ మానసికంగా అర్హుడేనా అని వేలాది సైకియాట్రిస్టులను అడిగితే, ఆయన్ను ఒక్కసారి కూడా పరీక్షించని 1,189 మంది కాదని రాసిచ్చారు. ఆయన దావా వేసి గెలిచాడు. పరీక్షించని మనిషి గురించి రోగనిర్ధారణ చెప్పకూడదని 1973లో అక్కడి సైకియాట్రిస్టుల సంఘం నియమం పెట్టుకుంది. మన దగ్గర 2024 ఎన్నికల ప్రచారంలో ఎదుటివాణ్ని సైకో అని తిట్టడం ఎంతగా వినిపించిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ మాట మైకులో మోగిన ప్రతిసారీ మందు మానేసిన రోగులు ఉంటారు, బిడ్డను ఆసుపత్రికి తీసుకుపోవడానికి వెనకాడిన తల్లులుంటారు. మీరు ఏ పార్టీకైనా చెక్కు ఇస్తున్నారంటే, ఆ చేత్తోనే ఒక ఉత్తరం కూడా ఇవ్వండి. మీ వేదికల మీద ఈ తిట్టు ఆపమని రాయండి. ఒప్పుకోకపోతే ఆ చెక్కు మీ దగ్గరే ఉండనివ్వండి.

మొదటి అడుగుకు తేదీ కూడా చెబుతాను. దసరా అయ్యాక వచ్చే సోమవారం కర్నూలు కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. సుగ్గి బండ్లు కట్టకముందు అర్జీ ఇవ్వాలి గనక అంతకన్నా ఆలస్యం చేయొద్దు. ఇద్దరు ముగ్గురు వైద్యులు కలిసి వెళ్లండి, వీలైతే ఒక రోగి తల్లినో తండ్రినో వాళ్ల ఇష్టం మీద తీసుకెళ్లి ఆ రోజు కూలి, బస్సు చార్జీ మీరే ఇవ్వండి. ఒక నకలు ఎమ్మెల్యేకు, ఒకటి ఎంపీకి, ఒకటి జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారికి. ప్రతి నకలు మీదా తేదీతో రసీదు ముద్ర వేయించుకోండి. సంక్రాంతి తర్వాత అవే నకళ్లు పట్టుకుని మళ్లీ అదే గదులకు వెళ్లి, ఆ మూడింటిలో ఏది ఎంతవరకు వచ్చిందో అడగండి.